లోపల వదిలిన గుడ్డ

కాలవ కట్టేశారు.
పాలకొల్లు వంతెన మీంచి చూస్తే
ఏడాదంతా నీళ్లు దాచినవన్నీ బయటే ఉన్నాయి.
జత లేని చెప్పులు, పగిలిన కుక్కరు మూత,
బురదలో సగం దిగబడ్డ ఎవరిదో సైకిలు.

ఆ వారమే నేనూ కట్టేశాను.
బీరువా తెరిచి, మంచం కింద చీపురు పెట్టి లాగి
ఈ ఏడు కొన్నవన్నీ చాప మీద పరిచాను.
విప్పని అట్టపెట్టెలే పదకొండు.
గుడ్లు ఉడకబెట్టే యంత్రం ఒకటి.
నాకు గుడ్డు పడదు.

పెట్టెలు తెచ్చే ఏసుపాదానికి
మా వీధిలో నా గుమ్మమే ఎక్కువ అలవాటు.
"ఇవాళ కూడా మీకేనక్కా" అనేవాడు.
ఆ రెండు నిమిషాలూ
ఎవరో నన్ను తలుచుకుని పంపినట్టుండేది.
నాకు నేనే పంపుకున్నానని
విప్పాక గుర్తొచ్చేది.
అందుకే కొన్ని విప్పలేదు.

మా అమ్మ ఇంకో రకం.
రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లకి
తెల్లగా నానిపోయిన వేళ్లతో
కూలి డబ్బులు మడత మీద మడత పెట్టేది.
మోకాలి నొప్పి మాత్ర
సగానికి విరిచి వేసుకునేది.
ఆవిడ పోయాక బియ్యం డబ్బా అడుగున
పాత ఐదొందల నోట్లు, ముప్పై నాలుగు.
అవి రద్దయ్యి అప్పటికి మూడేళ్లు.
బ్యాంకు గుమాస్తా తలెత్తకుండా "చెల్లవమ్మా" అన్నాడు.
నోట్ల గురించే అన్నాడు.
నాకు అమ్మ గురించి అన్నట్టు వినపడింది.

తిరిగొస్తూ దారిలో
రెండు వేల మూడొందల చీర కొన్నాను.
ఇక ఆగలేదు.
చేతిలో పడ్డ డబ్బు ఒక రాత్రి గడిస్తే
అదీ చచ్చిపోతుందేమోనని.
అమ్మ గుప్పిట మూసింది, నేను తెరిచాను.
వణుకు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

మొన్న కాలవ గట్టు వీధి నుంచి సుభాషిణి
మూడేళ్ల కిందటి జాకెట్టు తెచ్చింది.
"లూజు చెయ్యండక్కా, బాబు పుట్టాక పట్టట్లేదు."
నేను కుట్టిందే. కుట్టు విప్పాను.
లోపల రెండు వేళ్ల గుడ్డ,
ఎండ తగలని చిలకపచ్చ,
కొన్న రోజు రంగు కొన్న రోజులానే.
"ఇంత వదిలారా!" అంది.
"ఒంటికి రేపేమవుతుందో ఎవరికి తెలుసమ్మా" అన్నాను.
అన్నాక
బ్లేడు చేతిలోనే ఉండిపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఊళ్లో ఆడాళ్లందరి రేపటికీ
గుడ్డ వదిలినదాన్ని,
నా నెలని మాత్రం అంచు మీదే కుట్టేస్తున్నాను.
పదో తారీఖుకే పిగిలిపోతోంది.

ఆ రాత్రి కొలతల పుస్తకంలో
ఛాతీ, నడుము, చెయ్యి పొడవుల తర్వాత
ఖాళీ పేజీలో నా పేరు రాసుకున్నాను.
అద్దె. కరెంటు. చీటీ.
డైలీ ఫైనాన్సు బాకీ తొమ్మిది వేల ఆరొందలు.
చీకట్లో పడుకుని తలుచుకున్నప్పుడు
అది ఇంకా పెద్దదిగా ఉండేది.
టేపుకి కోపం లేదు, జాలీ లేదు.
ఎంతుంటే అంతే చెబుతుంది.

జాకెట్టుకి ఇరవై పక్కన పెడుతున్నాను.
మొన్న ఆదివారం మళ్లీ జారాను, దాచడమెందుకు,
కర్టెన్లు, ఆరు.
మా ఇంటికున్నది ఒక్కటే కిటికీ.
నాలుగు వెనక్కి పంపాను, సిగ్గుపడకుండా.

జూన్‌లో నీళ్లు వదిలారు.
ఎర్రగా, నురగతో, గట్టు నాకుతూ వచ్చాయి.
సైకిలు మునిగిపోయింది.
అదెక్కడుందో నాకిప్పుడు తెలుసు.

పక్కన పెట్టిన డబ్బుతో
మిషనుకి మోటారు బిగించుకున్నాను.
నలభై రోజులు ఆలోచించి కొన్న వస్తువు
ఇంట్లో ఇదొక్కటే.
మోకాలికి మాత్రలు తెచ్చుకున్నాను.
విరవకుండా మింగాను.

సాయంత్రం ఏసుపాదం బండి స్లో చేసి
"ఏం లేవక్కా ఇవాళ" అన్నాడు,
తనదే తప్పన్నట్టు.

"లేకపోతే ఏం" అన్నాను,
"రా, మంచినీళ్లు తాగి వెళ్లు."